ఉరుముల దేవుడి రాజీనామా

“పోయిన వేసవిలో బయల్దేరేటప్పుడు నా జేబులో ఉన్నది ఒకే ఒక్క ఐదొందల యెన్ నాణెం,” అన్నాడు హయాతో. “తిరిగొచ్చేటప్పుడూ అదే నాణెం. మధ్యలో జపాన్ అంతా అయిపోయింది.”

“అయిపోయిందంటే? తినేశావా?” అంది సెత్సుకో.

“చూసేశాను పిన్నీ. ఊరూరా తిరిగి, పండగ పండక్కీ నిలబడి చూసేశాను.”

బయట వాన పడుతోంది. జూన్ వాన కొకురా ఊరిని ఒకసారి పట్టుకుందంటే తొందరగా వదలదు. కొమెబా వీధి డోలు షెడ్డులో చక్రాల బండి మీద డోలు నీలం పట్టా కప్పుకుని ఉంది. తోలు తడిస్తే గొంతు పోతుంది కాబట్టి వాన తెరిపి ఇచ్చేదాకా సాధన మొదలు కాదు. మిగతావాళ్లు వాన చూసి ఇళ్లలోనే ఆగిపోయారు. వచ్చినవాళ్లు నలుగురే. బియ్యం కొట్టు తొకినాగ గారు బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉడికించిన సోయా కాయలు ఒలుచుకుంటున్నారు. వీధి డోలు బృందానికి ఆయనే పెద్ద. వీధి చివర వేపుడు ఉదోన్ నూడుల్స్ అమ్మే సెత్సుకో ఆయన పక్కన కూర్చుని తన కంచు తాళాలు గుడ్డతో తుడుచుకుంటోంది. వాటిని అక్కడ జాంగరా అంటారు. ఆమె జాంగరా ఎంత నడిస్తే డోలు అంతే నడవాలి. మూడోవాడు దోయి. పదకొండేళ్లుగా డోలుకి ఒక పక్క కొడుతున్న మనిషి, పోయిన వారం చేపల బజారులో తడి నేల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడా చెయ్యి మెడలోంచి గుడ్డలో వేలాడుతోంది.

నాలుగోవాడు హయాతో. వీధుల్లో పెట్టిన మరల్లో కూల్‌డ్రింకు డబ్బాలు నింపడం అతని పని. పని లేని ప్రతి గంటా వీడియో గేముల ముందే. మూడు వేసవుల నుంచి పండగ ఊరేగింపులో అతనికి దక్కిన చోటు డోలు వెనకాల మంచినీళ్ల బండి. దోయి చెయ్యి విరిగిందని తెలిసిన సాయంత్రం అందరూ “అయ్యో” అన్నారు. హయాతో కూడా అన్నాడు, కానీ కాస్త ఆలస్యంగా. ఆ ఖాళీ ఎవరికి ఇవ్వాలో తొకినాగ గారు ఇవాళ తేలుస్తానన్నారు. నెల తిరిగేసరికి పండగ. అందుకే హయాతో వానలో తడుచుకుంటూ అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు, అందుకే నోరు తెరిచాడు.

“ఒరేయ్, ఐదొందలకి హిరోషిమా కూడా రాదు కదరా,” అన్నాడు దోయి. “రైలెలా ఎక్కావు?”

“ఎక్కితే కదా అన్నయ్యా! దారిలో నిలబడ్డాను. లారీ ఆగింది. డ్రైవరు నా వంక చూడలేదు, నా చేతుల వంక చూశాడు. ఇదిగో, ఈ వేలి మొదట్లో కాయ కాసింది చూశావా? గేమ్ సెంటర్లో డోలు ఆట ఆడీ ఆడీ కాసింది. అది చూసి ‘బాబూ, నువ్వు మామూలోడివి కాదు, ఎక్కు’ అన్నాడు. హిరోషిమాలో దింపాడు. నేను దారి ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన పనేముంది? నా గేములో దేశంలోని ఊళ్లన్నీ ఉన్నాయి, సందులతో సహా. ఏ మూల ఏ కొట్టుందో, ఏ గుడి మెట్లు ఎటు తిరుగుతాయో ఇంట్లో కూర్చుని ఎప్పుడో తిరిగేశాను. తిన్నగా వెళ్లి గేమ్ సెంటర్లో దూరాను. నాణెం మార్పించి ఒక్క వంద వేశాను. అన్నింటికంటే కష్టమైన పాట. ఒక్క దెబ్బ తప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి!”

ఇది నిజమే. హిరోషిమాలో ఆ పాట అతను తప్పు లేకుండా కొట్టాడు. చూసినవాడు ఒక్కడు, నేల తుడిచే మనిషి. “కాళ్లు ఎత్తండి” అన్నాడు. హయాతో ఎత్తాడు.

తొకినాగ గారు కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకున్నారు. తొక్క గిన్నెలో పడింది. తల ఎత్తలేదు.

హయాతో ఆ తల వంక చూశాడు. హిరోషిమా చాలలేదని అర్థమైంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను వేసిన వందని ఆట యంత్రమే తిరిగి కక్కింది. ‘మీలాంటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోను’ అని తెర మీద రాసొచ్చింది. చిల్లర ఇచ్చి నా ఐదొందల నాణెం వెనక్కి తీసుకున్నాను. సరే, అక్కణ్నుంచి తొకుషిమా. అక్కడ నాట్యాల పండగ. వీధి నిండా మనుషులు, చేతులు పైకెత్తి, తల మీద ఆ మడత టోపీలు పెట్టుకుని గుంపులు గుంపులుగా ఆడుతున్నారు. వీధి పక్కనే గేమ్ సెంటర్. తలుపు తీసుంది. నేను ఊరికే కొడదామని కర్రలు పట్టుకున్నాను. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, బయట నాట్యం నా లయలోకి వచ్చేసింది!”

“వాళ్లకి వాళ్ల డోళ్లు లేవూ?” అంది సెత్సుకో.

“ఉన్నాయి పిన్నీ. ఆ డోళ్లవాళ్లే ముందు నా వైపు తిరిగారు. నేను వేగం పెంచాను, వాళ్లూ పెంచారు. ఇంకా పెంచాను, టోపీలు ఎగిరిపోయాయి. కూడలిలో పోలీసు ఈల కూడా నా లయలోనే ఊదాడు. సరదాకి ఒక దెబ్బ కొట్టకుండా ఆపాను. అంతే! ఊరు ఊరంతా ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయింది. లక్షమంది, ఒంటికాలి మీద!”

“ఎంతసేపు?”

“నేను బయటికెళ్లి చల్లని బార్లీ టీ తాగొచ్చేదాకా.”

దోయి నవ్వబోయాడు. నవ్వితే చెయ్యి కలుక్కుమంటుందని గుర్తొచ్చి మూతి బిగించాడు. “చెప్పేవాడికి వినేవాడు లోకువరా,” అన్నాడు. “పాపం ఆ లక్షమందిలో ముసలాళ్లు ఉండరూ?”

“వాళ్లని మాత్రం కాలు మార్చుకోమన్నాను అన్నయ్యా. నాకా మాత్రం జాలి లేదా?”

గిన్నెలో ఇంకో తొక్క పడింది. తల లేవలేదు. వాన షెడ్డు రేకు మీద గట్టిగా దంచింది. హయాతో గొంతు కూడా అంత పైకి లేపాల్సి వచ్చింది, ఆ వంకతో మరికాస్త లేపాడు.

“తొకుషిమాని అలా ఉంచండి. కిషివాదా! అక్కడ కొయ్య రథాలు చూశారు కదా, వందల మంది తాడు పట్టి పరిగెత్తిస్తారు, సందు మలుపు వచ్చినా వేగం తగ్గించరు. నేను వెళ్లేసరికి ఒక వీధివాళ్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. మలుపు దగ్గర రథం తిరగట్లేదట. పైకప్పు మీద నిలబడి విసనకర్ర ఊపేవాడికి ధైర్యం పోయిందట. నేను కర్రలు నడుముకి దోపుకుని పైకెక్కాను.”

“ఎవడు ఎక్కనిచ్చాడు నిన్ను?” దోయికి నిజంగానే కోపం వచ్చింది. “ఆ పైకప్పు మీద నిలబడాలంటే ఆ వీధిలో పుట్టాలి, గడ్డం రాకముందు నుంచీ తాడు లాగాలి, ఆ తర్వాత కూడా పెద్దలు పిలిస్తేనే. చూడ్డానికి వెళ్లినవాణ్ని ఎక్కిస్తారటరా!”

“మామూలుగా ఎక్కించరు. నన్ను మాత్రం కాళ్లావేళ్లా పడి ఎక్కించారు. ఎందుకంటే కార్ల పందెం గేములో నాది దేశంలో మొదటి పేరు. మలుపుకి ముందే బండి తోకని జార్చాలి, అదీ కిటుకు. ‘జార్చండ్రా!’ అని అరిచాను. జార్చారు. రథం మలుపు తిరిగింది. తిరిగి ఊరుకుందా? ఊరంతా తిరిగింది. ఊరు చాల్లేదు. రైలు పట్టాలెక్కింది. బులెట్ రైలు పక్కనే పోతోంది, దాన్ని దాటేశాం. కిటికీల్లోంచి జనం టాటా చెప్పారు. డ్రైవరు లేచి టోపీ తీసి వంగి దండం పెట్టాడు. ఆ ఊపులో ఎక్కడా ఆగలేదు. ఒసాకా పోయింది, టోక్యో పోయింది. కళ్లు నలుపుకుని చూసేసరికి అవొమొరి! ఐదొందల నాణెం అలాగే ఉంది జేబులో.”

“అవొమొరి పండగ ఆగస్టు మొదట్లో,” అంది సెత్సుకో తాళం తుడుస్తూ. “కిషివాదాది సెప్టెంబరులో. వెనక్కెలా వెళ్లావు?”

హయాతో ఒక్క క్షణం ఆగాడు. ఒక్క క్షణమే.

“అదే చెబుతున్నాను పిన్నీ, ఆ వేగానికి నెల వెనక్కి జారిపోయింది.”

సెత్సుకో చేతిలో గుడ్డ ఆగింది. “ఇది బాగుందిరా,” అంది మెచ్చుకోలుగానే. “నెల కూడా జారింది. మా కొట్టు అద్దె తారీకు కూడా అలాగే జార్చిపెట్టకూడదూ?”

దోయి ఈసారి ఆపుకోలేక నవ్వాడు, “అబ్బా” అని చెయ్యి పట్టుకున్నాడు. హయాతోకి ఊపొచ్చింది. కానీ అతను నవ్వించాలనుకున్న మనిషి నవ్వలేదు. గిన్నెలో తొక్కల కుప్ప పెరిగింది, అంతే.

అవొమొరికి హయాతో నిజంగానే వెళ్లాడు, రాత్రి బస్సులో. అక్కడ కాగితంతో ఇంత ఎత్తు వీరుల బొమ్మలు కట్టి లోపల దీపాలు వెలిగించి ఊరేగిస్తారు. అతని ముందు ఒక లావుపాటాయన నిలబడ్డాడు. హయాతోకి కనిపించింది వీరుడి చెవి ఒక్కటే. కానీ డోళ్లు వినిపించాయి. వినిపిస్తుంటే చేతులు వాటంతటవే ప్యాంటు మీద దరువు వేశాయి, ఇంటికొచ్చేదాకా వేస్తూనే ఉన్నాయి. ఇది చెప్పుకోవడానికి ఏమీ లేని సంగతి. కాబట్టి చెప్పలేదు.

“అవొమొరిలో ఏమైందో తెలుసా? ఆ కాగితం వీరుడున్నాడే, మూడంతస్తుల మనిషి, కళ్లు ఇంతింత, చేతిలో కత్తి. ఊరేగింపు మధ్యలో నన్ను చూశాడు. బండి దిగాడు! జనం పక్కకి తప్పుకున్నారు. ‘కొకురా నుంచి వచ్చింది నువ్వేనా? రా, చూసుకుందాం’ అన్నాడు. గొంతులో నిప్పులు, అంటే నిజంగా నిప్పులే, లోపల దీపాలు కదా. నేను భయపడలేదు. కుస్తీ గేముల్లో నాకో పట్టుంది. కిందికి, ముందుకి, గుద్దు. కిందికి, ముందుకి, గుద్దు. మూడోసారికి వీరుడు వెల్లకిలా పడ్డాడు. పడి, లేచి, కాగితం దులుపుకుని, ‘గురువుగారూ’ అన్నాడు.”

“కాలలేదా ఎక్కడా?” అన్నాడు దోయి.

“మీసం ఒక్కటి చిరిగింది. నేనే జిగురుతో అంటించాను. సరే, అప్పుడు ఆ ఊరి పెద్దలందరూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. ‘మా డోళ్లు విన్నావు, మీ ఊరి డోలు వినిపించు’ అన్నారు. ఒక డోలు బండి మీద పెట్టి తెచ్చారు. సరిగ్గా ఇలాంటిదే. ఇక అప్పుడూ...”

హయాతో లేచి నిలబడ్డాడు. చేతిలో కర్రలు లేవు కాబట్టి పక్క పెట్టె మీదున్న భోజనం పుల్లలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“అప్పుడు కొట్టాను పెద్దాయనా, కొకురా దెబ్బ! నడుస్తూ కొట్టాను, మనం కొట్టినట్టే. డోలుకి ఇటు దొరో ముఖం బరువుగా, అటు కాన్ ముఖం చురుగ్గా, రెండూ ఒక్కసారి మోగించాను. ఒక్కడినే! పక్కన ఎవరూ లేరు. ఊరు చివర మొదలుపెట్టి సముద్రం దాకా నడిచాను. కాగితం వీరులందరూ బండ్లు దిగి నా వెనకాలే నడిచారు.”

కాయ మీద తొకినాగ గారి వేళ్లు ఆగాయి.

హయాతో అది చూశాడు. తగిలింది, ఇక ఆపకూడదు అనుకున్నాడు.

“అప్పుడు వాన మొదలైంది. ఇలాంటి వాన కాదు, కుంభవృష్టి. ఒక్క ఉరుము ఉరిమింది. నేను బదులు కొట్టాను. ఇంకోటి ఉరిమింది. దానికీ బదులిచ్చాను. అలా తెల్లారేదాకా పోటీ. చివరికి మబ్బు చీల్చుకుని ఆయనే దిగొచ్చాడు, ఉరుముల దేవుడు! వీపు చుట్టూ డోళ్లు, ఒళ్లంతా చెమట. రొప్పుతున్నాడు. ‘ఒరేయ్ నాయనా, లోకం పుట్టినప్పటి నుంచీ కొడుతున్నాను, ఇలాంటి దెబ్బ వినలేదు. నావల్ల కాదిక. రాజీనామా చేస్తున్నాను. నా ఉద్యోగం నువ్వు తీసుకో’ అన్నాడు.”

“తీసుకున్నావా?”

“వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తెలుసా? ఆయనే చెప్పాడు. ‘అయితే ఇంటికెళ్లు. కొమెబా వీధిలో డోలు దగ్గర ఒక ఖాళీ రాబోతోంది. నువ్వు అక్కడ ఉండాలి’ అన్నాడు.”

“పోయిన వేసవికి నా చెయ్యి బాగానే ఉందిరా!” అన్నాడు దోయి.

“ఆయన దేవుడు అన్నయ్యా. ఆయనకి ముందే తెలుసు. నాణెం ఆయన కాళ్ల దగ్గర పెట్టబోయాను, ‘ఉంచుకో’ అన్నాడు. ఇదిగో.”

హయాతో జేబులోంచి ఐదొందల నాణెం తీసి అందరికీ చూపించాడు. నాణెం మామూలుగానే ఉంది.

“వాన సంగతేమైంది మరి?” అంది సెత్సుకో.

“నేను కర్రలు దించాను, ఆగిపోయింది.”

“అయితే దీన్ని కూడా ఆపు,” అని దోయి రేకు కప్పు వైపు గడ్డం ఎత్తాడు. “ఇందాకటి నుంచీ కూర్చోబెట్టింది.”

“ఖాళీ నాకిస్తే ఆపుతాను.”

అన్న తర్వాత గానీ ఆ మాట ఎంత సూటిగా బయటపడిందో హయాతోకి తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. అతను చేతిలో భోజనం పుల్లలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తొకినాగ గారు సోయా కాయ గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని, మొదటిసారి తల ఎత్తారు.

“అవొమొరిలో ఆ డోలు,” అన్నారు. “దొరో వైపు ఎవరు కొట్టారు?”

“నేనే పెద్దాయనా.”

“కాన్ వైపు?”

“అదీ నేనే.”

“జాంగరా ఎవరు పట్టారు?”

హయాతో సెత్సుకో చేతుల్లో తాళాల వంక చూశాడు. “అది... నోటితో అనుకున్నాను.”

సెత్సుకో తాళాలు ఒళ్లో పెట్టుకుంది.

“ఒంటికాలి మీద లక్షమంది నిలబడ్డారన్నావు, నమ్మాను,” అన్నారు తొకినాగ గారు. “రథం బులెట్ రైలుని దాటిందన్నావు, దాటిందేమో అనుకున్నాను. సెప్టెంబరు ఆగస్టైంది, సరే. కాగితం మనిషి లేచొచ్చి కుస్తీ పట్టాడు, సరే. ఉరుముల దేవుడు రాజీనామా చేశాడు, చేస్తే చేశాడు, ఆయన కష్టం ఆయనది. కానీ కొకురా డోలు ఒక్కడివే కొట్టానన్నావు చూడు, అది మాత్రం పచ్చి అబద్ధం.”

తొకినాగ గారు డోలు వైపు చెయ్యి చూపించారు.

“ఈ ఊళ్లో పుట్టినవాడెవడూ ఆ మాట అనడు. డోలుకి ఇటో మనిషి, అటో మనిషి. ఇటువాడికి అటువాడి మొహం కూడా సరిగ్గా కనపడదు. వాడి దెబ్బ నీ తోలులోంచి తెలియాలి. నువ్వు అన్ని ఊళ్లు తిరిగొచ్చి ఒక్కచోట కూడా నీ పక్కన ఇంకో మనిషిని పెట్టుకోలేదు. ఇంత పొడుగు కథలో ఇంకొకడికి చోటు లేదురా.”

హయాతో పుల్లలు మెల్లగా పెట్టె మీద పెట్టాడు. ఇంటికి వెళ్లిపోవాలని ఉంది, కానీ తలుపు డోలుకి అవతల ఉంది. నీళ్ల బండి ఓ మూలన ఎప్పటిలాగే నిలబడి ఉంది. దాని పిడి మీద అతను పోయిన ఏడు చుట్టిన ఎర్ర గుడ్డ ఇంకా ఊడలేదు.

“నేను కొట్టేది దొరో,” అన్నాడు దోయి గొంతు తగ్గించి. “అటువైపు ఎవడూ చూడడు. మొదటి నుంచి చివరిదాకా అదే దెబ్బ. అందరూ కాన్ వాడి గంతులే చూస్తారు. నువ్వు ఎందుకు అడుగుతున్నావో తెలుసుకునే అడుగుతున్నావా?”

“తెలుసు,” అన్నాడు హయాతో. ఆ ఒక్క మాట తర్వాత ఇంకేమీ కలపలేదు.

దోయి తొకినాగ గారి వంక చూశాడు. తొకినాగ గారు కప్పు వంక చూశారు. అప్పుడు గానీ రేకు మీద చప్పుడు ఆగిందని ఎవరూ గమనించలేదు.

“ఒరేయ్,” అంది సెత్సుకో వేలు చూపించి. “ఇది నీ పనేనని మాత్రం అనకు.”

హయాతో అనలేదు. అనాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగాడు.

తొకినాగ గారు లేచి పట్టా లాగారు. గోడకి తగిలించిన కర్రల జతలు రెండు దించి, ఒకటి హయాతోకి విసిరారు. రెండోది ఆయన దగ్గరే ఉంచుకున్నారు. ఆయన కర్ర పట్టి చాలా ఏళ్లైంది. అంగీ చేతులు మడుచుకుని బండికి అవతల, కాన్ వైపు నిలబడ్డారు.

“వీధి మూల మీద ఎర్ర పోస్టు డబ్బా దాకా,” అన్నారు డోలు వెనకనుంచి. “దొరో నీది. ఒక్క దెబ్బ కూడా జాంగరా కంటే ముందు పడకూడదు. పడిందా, నీళ్ల బండి అక్కడే ఉంది. పడలేదా, పండక్కి నువ్వే.”

దోయి మంచి చెయ్యి బండి పిడి మీద వేశాడు. చక్రాలు గడప దాటి తడి వీధిలోకి దిగాయి. వాన వెలిసిన వెలుతురులో రోడ్డంతా మెరుస్తోంది. పోస్టు డబ్బా దూరంగా చిన్నగా కనిపిస్తోంది. గేములో అయితే దెబ్బ ఎప్పుడు వేయాలో తెర మీద గుండ్రటి బొట్లు వరసగా పరిగెత్తుకొచ్చి చెబుతాయి. ఇక్కడ తెర లేదు. ఎదురుగా తోలు ఉంది, తోలుకి అవతల ఒక ముసలాయన ఉన్నారు. ఆయన తల నెరిసిన జుట్టు మాత్రం డోలు పైనుంచి కాస్త కనిపిస్తోంది.

సెత్సుకో తాళాలు ఎత్తింది.

“ఏమిరా,” అన్నాడు దోయి, “ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఇంకా తెలీదు అన్నయ్యా,” అన్నాడు హయాతో.

కర్రలు లేపి, ఎడమ కాలు నేల మీంచి కొంచెం ఎత్తి, జాంగరా మోగడం కోసం ఆగాడు.